‘ఓడలో మీ పని ఏంటి?’: ఆలస్యంగా అడిగిన ప్రశ్న

నేను తిరుపతిలో ఊపిరితిత్తుల డాక్టర్‌ని. ఈ కేసు రాయడానికి కారణం ముందే చెప్తాను. ఈ రోగికి వచ్చిన జబ్బు పేరు తెలుసుకోవడానికి దాదాపు ఆరు నెలలు పట్టింది. అందులో పది వారాలు నా చేతుల్లోనే పోయాయి. మొదటి రోజే నేను ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఆ పది వారాలు మిగిలేవి.

ఇది రాయమని రోగే అడిగారు. ‘నా పేరు వద్దు సార్, నాతో పని చేసినోళ్లకు మాత్రం తెలియాల’ అన్నారు. అందుకే ఊరి పేరు, ఓడల పేర్లు, తేదీలు తీసేశాను. ఇంటి వివరాలు కొన్ని మార్చాను. వైద్యానికి సంబంధించినవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను.

నేపథ్యం

ఆయన వయసు 67. పలమనేరు వైపు ఒక పల్లె. మూడెకరాల తోతాపురి తోట, రెండు పాడి ఆవులు. కొడుకు బెంగళూరులో ఉద్యోగం. డెబ్బైల్లో కుర్రవాడిగా నేవీలో చేరి, పదిహేనేళ్లు చేసి, పెన్షన్‌తో ఊరికి వచ్చేశారు. అప్పటి నుంచి వ్యవసాయమే.

ఊళ్లో ఆయన్ని ‘మిలిటరీ ఆయన’ అంటారు. మా పక్క పల్లెల్లో ఆర్మీలో చేసినా, నేవీలో చేసినా, ఎయిర్‌ఫోర్స్‌లో చేసినా అందరూ మిలిటరీనే. గౌరవంగా పిలిచే పిలుపే అది. కానీ ఆ పిలుపు అలాగే వచ్చి కేస్‌షీట్లో కూర్చుంది. ఆయన ఫైల్లో నా కంటే ముందు చూసిన ముగ్గురు డాక్టర్ల కాగితాలున్నాయి. ఒకరు ‘వ్యవసాయం’ అని, ఇంకొకరు ‘ఎక్స్‌-ఆర్మీ’ అని రాశారు. మూడో కాగితంలో వృత్తి గడి ఖాళీ. నేను ‘రైతు, ఎక్స్‌-మిలిటరీ’ అని రాశాను. నేవీ అన్న మాట నలుగురిలో ఎవరమూ రాయలేదు.

ఏం బాధతో వచ్చారు

మొదట ఆయాసం. తోటలో గట్టు ఎక్కితే ఆగి ఊపిరి తీసుకోవాల్సి వచ్చేది. పొడి దగ్గు, కుడి పక్క ఛాతీలో మొద్దుగా నొప్పి. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్లు వేయించుకున్నారు. తగ్గకపోతే చిత్తూరులో ఒక డాక్టర్‌కి చూపించారు. ఎక్స్‌రేలో కుడి వైపు ఊపిరితిత్తి చుట్టూ నీరు కనిపించింది. సూదితో 1.2 లీటర్ల నీరు తీసి పరీక్షకు పంపారు. అందులో లింఫోసైట్లు అనే తెల్లకణాలు ఎక్కువ, టీబీలో పెరిగే ఏడీఏ అనే ఎంజైమ్ 46, క్యాన్సర్ కణాలు కనపడలేదు. టీబీ అని ఆరు నెలల మందులు మొదలుపెట్టారు.

ఆ డాక్టర్‌ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. మన దేశంలో ఇలాంటి నీరు కనబడితే టీబీ అనుకోవడం న్యాయమే. ఏడీఏ 40 దాటితే అనుమానం ఇంకా బలపడుతుంది. నీరు తీసేసరికి ఆయాసం కూడా తగ్గింది, దాంతో మందులు పని చేస్తున్నాయని అందరికీ నమ్మకం కుదిరింది. నిజానికి ఆ హాయి మాత్రల వల్ల కాదు, నీరు తీయడం వల్ల.

మూడు నెలలకు నీరు మళ్లీ నిండింది. మాజీ సైనికులకు వైద్యం అందించే ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్ నుంచి రెఫరల్ కాగితంతో నా దగ్గరికి వచ్చారు. వెంట భార్య. ‘రాత్రిపూట పడుకోలేడు సార్, కూర్చోనే నిద్రపోతా ఉండాడు’ అని ఆమె చెప్పారు.

ప్రయత్నించినవి, పని చేయనివి

మళ్లీ నీరు తీశాను, మళ్లీ లింఫోసైట్లే. ఆ నీటిలో టీబీ కోసం సీబీనాట్ చేస్తే నెగెటివ్. ఊపిరితిత్తి చుట్టూ ఉండే నీటిలో టీబీ ఉన్నా ఈ పరీక్ష చాలాసార్లు పట్టుకోలేదు, అందుకని ఆ నెగెటివ్‌ను పక్కన పెట్టాను. మందులు మొదలుపెట్టాక కొందరిలో నీరు కొన్నాళ్లు పెరిగి తర్వాత తగ్గుతుంది. ఇదీ అలాంటిదే అనుకుని టీబీ మందులు కొనసాగించమన్నాను.

అప్పుడు నేనెలా ఆలోచించానో దాచకుండా రాస్తాను, ఈ కేసులో నేర్చుకోవాల్సింది ఎక్కువగా అక్కడే ఉంది. బరువు ఐదు కిలోలు తగ్గారు. టీబీ మాత్రలకు వాంతులవుతున్నాయి కాబట్టి తగ్గారనుకున్నాను. నొప్పి ఉంది. నీరు చేరినప్పుడు నొప్పి ఉంటుందిలే అనుకున్నాను. టీబీ వల్ల వచ్చే నొప్పి ఊపిరి పీల్చినప్పుడు సూదిలా గుచ్చుతుంది, నీరు నిండే కొద్దీ తగ్గుతుంది. ఈయన నొప్పి అలాంటిది కాదు. పగలూ రాత్రీ మొద్దుగా, ఆగకుండా ఉండేది. భుజం వైపు పాకుతోంది, వారం వారం పెరుగుతోంది. ఆయన ఆ మాట రెండుసార్లు చెప్పారు. నేను రెండుసార్లూ రాసుకున్నాను. రాసుకున్నదాని అర్థం మాత్రం ఆలోచించలేదు.

మూడు వారాలకు సూదితో బయాప్సీ చేశాను, అంటే కంటికి కనపడకుండానే ఛాతీ గోడ లోపలి పొర నుంచి చిన్న ముక్క తీయడం. ‘ప్రత్యేకించి ఏమీ లేని వాపు’ అని రిపోర్టు వచ్చింది. క్యాన్సర్ లేదు కదా అని నేనూ ఊరట పడ్డాను, వాళ్లనీ ఊరట పడనిచ్చాను. అది తప్పు. పొర మీద జబ్బు అక్కడక్కడ మచ్చలుగా ఉంటే గుడ్డిగా దిగిన సూది జబ్బు లేని చోట ముక్క తీసి రావచ్చు. జబ్బు ఉందని వస్తే ఆ ఫలితాన్ని నమ్మొచ్చు. లేదని వస్తే మాత్రం సూది ఎక్కడ దిగిందో ఆలోచించాలి.

పదో వారంలో మూడోసారి నీరు నిండాక సీటీ తీయించాను. అది మొదటి వారమే తీయించాల్సింది.

మలుపు

సీటీ రిపోర్టు కింద ‘పాత టీబీ వల్ల ఏర్పడిన సున్నపు మచ్చలు’ అని ఒక వాక్యం ఉంది. కుడి వైపు పొర గరుకుగా, సెంటీమీటరు దాటి మందంగా ఉంది. ఆ మందం గుండె వైపు కూడా పాకింది. కుడి ఛాతీ కొంచెం ముడుచుకుపోయినట్టుంది. ఇవి చూస్తేనే క్యాన్సర్ అనుమానం వచ్చింది. కానీ నన్ను ఆపింది ఎడమ వైపు. నీరు లేని, ఏ బాధా లేని ఆ వైపు డయాఫ్రం (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండర పొర) గోపురం మీద పలకల్లా పరుచుకున్న సున్నపు మచ్చలున్నాయి. కుడి వైపూ అలాంటివే.

రేడియాలజిస్ట్ పక్కన కూర్చుని మళ్లీ చూశాం. టీబీ వదిలే సున్నం సాధారణంగా ఒక వైపే, మందంగా, ఎక్కడ పడితే అక్కడ ఉంటుంది. రెండు వైపులా, డయాఫ్రం మీద, పలచటి పలకల్లా ఉంటే ముందు గుర్తు రావాల్సింది ఆస్బెస్టాస్, మన తెలుగులో రాతినార. కానీ మామిడి రైతు ఛాతీలోకి రాతినార ఎక్కడిది?

ఆ సాయంత్రం వార్డులో ఆయన మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

‘మిలిటరీలో ఎక్కడ చేశారు?’

‘నేవీ సార్.’

‘ఓడలో మీ పని ఏంటి?’

‘స్టోకర్ని సార్. బాయిలర్ రూములో.’

నాలుగు మాటలు. ఆరు నెలల ఫైల్లో ఎక్కడా లేనివి.

ఆ తర్వాత ఆయన గంటసేపు చెప్పారు. ఆవిరితో నడిచే పాత యుద్ధనౌకలు. బాయిలర్ రూములో నిలబడితే ఒళ్లంతా చెమట కాలువలు కట్టే వేడి. ఆవిరి పైపుల వేడి బయటికి రాకుండా వాటి మీద రాతినార మందంగా చుట్టేవాళ్లు, దాన్ని లాగింగ్ అంటారు. పైపు రిపేరుకొస్తే లాగింగ్‌ను సుత్తితో కొట్టి, చేత్తో పీకి తీయాలి. ‘మంచు కురిసినట్టు తెల్లగా రాలేది సార్. ఎదురుగా ఉండే మనిషి కనపడేవాడు కాదు.’ మళ్లీ చుట్టడానికి బస్తాలోంచి పొడి తీసి నీళ్లు పోసి, ఉత్త చేతులతో ముద్దగా కలిపి, గోడకు సున్నం మెత్తినట్టు పైపుకు మెత్తేవాళ్లు. ఓడ రిఫిట్‌కు, అంటే పెద్ద మరమ్మతుకు, డాక్‌యార్డులోకి వస్తే నెలల తరబడి అదే పని. పడుకునే చోట కూడా తల మీద అలాంటి పైపులే. మూతికి కట్టుకోవడానికి ఏమైనా ఇచ్చారా అని అడిగాను. చేతి రుమాలు కట్టుకునేవాళ్లమన్నారు.

అప్పటికి పక్కనున్న భార్య ఒక మాట అన్నారు. ‘వైజాగ్ క్వార్టర్సులో ఆ బట్టలు నేనే ఉతికినా సార్. నీళ్లలో వేసేముందు దులిపేదాన్ని.’ ఆ మాట దగ్గరికి మళ్లీ వస్తాను.

అనుమానం దొరకగానే దాన్ని పట్టుకుని పరుగెత్తకూడదు. టీబీ విషయంలో నేను చేసింది అదే. అందుకని ఈసారి రాతినార వేరే దారిలో వచ్చిందేమో వెతికాను. ఆవుల కొట్టం మీద రాతినార కలిసిన సిమెంటు రేకులున్నాయి. అవి మా జిల్లాలో లేని ఇల్లు తక్కువ. పగలని, కొయ్యని రేకు నుంచి గాలిలోకి వచ్చేది చాలా తక్కువ. ఆయన రేకులు కోసే పని ఎన్నడూ చేయలేదు. ఇంకొకటి మన సీమకే సంబంధించింది. కడప జిల్లా పులివెందుల చుట్టుపక్కల ఒకప్పుడు రాతినార గనులు నడిచాయి. రాయలసీమ రోగి ఛాతీలో ఇలాంటి పలకలు కనబడితే ఆ గనుల సంగతి తప్పకుండా అడగాలి. ఆయన గానీ, ఆయన ఇంట్లో వాళ్లు గానీ అటు వైపు పనికి పోలేదు. మిగిలింది బాయిలర్ రూమే.

కాలం కూడా సరిపోయింది. రాతినార పోగు ఊపిరితిత్తి పొరలో చేరిన తర్వాత క్యాన్సర్ పైకి రావడానికి ఇరవై నుంచి నలభై ఏళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. నేవీలో ఆయన సిగరెట్లు తాగేవారు, ఊరికొచ్చాక మానేశారు. పొగాకు ఊపిరితిత్తి క్యాన్సర్ తెస్తుంది గానీ ఈ పొర క్యాన్సర్‌కు అది కారణం కాదు. ఈ సంగతి తర్వాత క్లెయిమ్ కాగితాల్లో అవసరమైంది.

నిర్ధారణ

ఈసారి గుడ్డిగా సూది దించలేదు. థొరకోస్కోపీ చేశాం, అంటే పక్కటెముకల మధ్య చిన్న రంధ్రం చేసి కెమెరా లోపలికి పంపి కళ్లతో చూడటం. నీరు పూర్తిగా తీశాక కనబడింది. పొర మీద ద్రాక్ష పిందెల్లా గుత్తులు. వాటి మధ్య తెల్లగా మెరుస్తూ, మైనం కారి గడ్డకట్టినట్టు పలకలు. గుత్తుల నుంచి ఎనిమిది ముక్కలు తీశాం. ముక్కల్లో ఈ పొర క్యాన్సర్‌ను చూపే గుర్తులు క్యాల్‌రెటినిన్, డబ్ల్యూటీ-1 పాజిటివ్. ఊపిరితిత్తి క్యాన్సర్‌ను చూపే సీఈఏ, టీటీఎఫ్-1 నెగెటివ్. ఎపిథీలియాయిడ్ రకం మీసోథీలియోమా. రాతినార వల్ల వచ్చే పొర క్యాన్సర్ ఇదే. చిత్తూరోళ్లకు పెద్ద జబ్బంటే వేలూరే కాబట్టి కొడుకు ఆ స్లైడ్లు వేలూరు తీసుకెళ్లి చూపించాడు. అక్కడా అదే మాట.

టీబీ మందులు ఆ రోజే ఆపేశాం.

కొడుకు వరండాలో నన్ను పట్టుకున్నాడు. ‘సార్, నాయనకు చెప్పొద్దు. తట్టుకోలేడు.’ ఇలా అడిగే కొడుకులను నెలకు ఇద్దరు ముగ్గురిని చూస్తాను. చాలాసార్లు కొంత సమయం ఇస్తాను. ఈసారి ఒప్పుకోలేదు. మామూలుగా చెప్పే కారణాలతో పాటు ఇక్కడ ఇంకొకటి ఉంది. ఏ ఓడలో, ఏ సంవత్సరం, ఏ రిఫిట్‌లో ఏం పీకారో తెలిసింది ఆ ఒక్క మనిషికే. జబ్బు సర్వీసు వల్ల వచ్చిందని నిరూపించాల్సి వస్తే సాక్షి ఆయనే. చెప్పకుండా దాస్తే ఆ సాక్ష్యం ఆయనతోనే పోతుంది. కొడుక్కి ఇదే చెప్పాను. రెండు రోజులు ఆలోచించి ‘సరే సార్, నేనూ పక్కనే కూర్చుంటా’ అన్నాడు.

విన్నాక ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది ఒక్కటే. ‘నాతో పాటు ఆ రూములో ఇంకో పన్నెండు మంది ఉండేవాళ్లు సార్. వాళ్ల సంగతి?’

పని చేసినవి

నయం చేస్తామని ఆయనకు చెప్పలేదు, చెప్పే వీలు లేదు. ఊపిరి ఆడటం, నిద్ర పట్టడం, ఇంట్లో తిరగగలగడం, ఈ మూడూ గురిగా పెట్టుకున్నాం.

ఆపరేషన్ వద్దనుకున్నాం. కారణం వయసు, కిడ్నీల పని మందగించిందని చెప్పే క్రియాటినిన్ 1.5. పైగా పొరను పెద్ద ఎత్తున తొలగించే ఆపరేషన్ ఆయుష్షు పెంచలేదనే ఇటీవలి పెద్ద పరిశోధన చెప్పింది.

కీమో ఇవ్వాలా వద్దా అన్నదాని మీద ఆంకాలజిస్ట్, నేను, ఆయన ముగ్గురం కూర్చుని మాట్లాడాం. పెమెట్రెక్సెడ్‌ను సిస్‌ప్లాటిన్‌తో కలిపి ఇస్తే, సిస్‌ప్లాటిన్ ఒక్కటే ఇచ్చినదాని కంటే సగటున మూడు నెలల ఆయుష్షు ఎక్కువ వస్తుందని, తొమ్మిది నెలలు పన్నెండు అయ్యాయని, 2003లో వచ్చిన పరిశోధన చూపింది. ఆ అంకె ఆయనకు దాచకుండా చెప్పాను. ‘మూడు నెలలంటే ఒక మామిడి కాపు’ అన్నారు, తీసుకుంటానన్నారు. కిడ్నీల దృష్ట్యా సిస్‌ప్లాటిన్ బదులు కార్బోప్లాటిన్. వారం ముందు నుంచే ఫోలిక్ యాసిడ్, బీ12. ఇవి లేకుండా పెమెట్రెక్సెడ్ ఇస్తే రక్తకణాలు దెబ్బతింటాయి. ఆరు సైకిళ్లు పూర్తయ్యాయి. మూడో సైకిల్ తర్వాత సీటీలో పొర మందం కొంచెం తగ్గింది. ఇమ్యునోథెరపీ గురించి కూడా మాట్లాడాం. ఆ ఖర్చు చూసి తోట అమ్మాలని కొడుకు అన్నాడు, ఆయన ఒప్పుకోలేదు.

కానీ ఆయన రోజులు మార్చింది కీమో కంటే ఒక సన్నటి గొట్టం. నీరు తీశాక కూడా కుడి ఊపిరితిత్తి పూర్తిగా విప్పారడం లేదు. అలాంటప్పుడు టాల్క్ పొడి వేసి పొరలు అతికించే పద్ధతి పని చేయదు, అతుక్కోవడానికి రెండు పొరలూ తగలాలి కదా. అందుకని ఛాతీలో శాశ్వతంగా ఉండే క్యాథెటర్ పెట్టి ఇంట్లోనే నీరు తీసుకునేలా చేద్దామన్నాను. అనుమతి కాగితాల కోసం ఒక ఆఫీసు చుట్టూ రెండు వారాలు తిరగాల్సి వచ్చింది. ఆ రెండు వారాలూ ఆయన కూర్చునే నిద్రపోయారు.

నాకున్న భయం ఇన్ఫెక్షన్. పల్లె, ఆవుల కొట్టం, గొట్టం శుభ్రం చేసి నీరు తీసే చేతులు ఆయన భార్యవి, ఆమెకు 60 దాటాయి. మా నర్సు మూడుసార్లు దగ్గరుండి నేర్పించింది. రెండో రోజే నా భయం పోయింది. దినామూ పాలు పితికే చేతులు అవి. పొదుగు కడిగి, చేతులు కడిగి, గిన్నె కడిగి చేసే పని ఆమెకు యాభై ఏళ్ల అలవాటు. రోజు విడిచి రోజు 500 నుంచి 700 మిల్లీలీటర్లు తీసేవారు. ఒక్కసారికి లీటరు దాటకూడదని చెప్పాను, ఎన్నడూ దాటలేదు. పాల లెక్క రాసే నోట్‌బుక్‌లోనే వెనక వైపు నుంచి తేదీ, ఎన్ని మిల్లీలీటర్లు, రంగు ఏంటి రాసుకున్నారు. నా రోగుల్లో ఇంత శ్రద్ధగా లెక్క ఉంచినవాళ్లు తక్కువ. ఆ పుస్తకం చూసి నీరు తగ్గుతోందని సీటీ కంటే ముందే తెలుసుకున్నాం.

నొప్పికి మార్ఫిన్ మాత్రలు మొదటి నెలలోనే మొదలుపెట్టాను. ‘అలవాటైపోతుందేమో’ అని ఇంట్లో టెన్షన్ పడ్డారు. రాత్రి పడుకుని నిద్రపోవడం చూశాక ఆ మాట మళ్లీ రాలేదు.

దాదాపు ఎనిమిది నెలలు బాగా గడిచాయి. ఆ ఏడాది కాపు ఆయనే దగ్గరుండి కోయించారు. తర్వాత జబ్బు తిరగబెట్టింది. థొరకోస్కోపీలో ముక్కలు తీసిన పదిహేడో నెలలో ఇంట్లోనే, సొంత మంచం మీద పోయారు.

ఉతికిన బట్టలు

భార్య మాట దగ్గరికి వస్తాను. పని బట్టల మీద ఇంటికి వచ్చిన రాతినార దుమ్ముతో భార్యలకు, పిల్లలకు ఇదే జబ్బు వచ్చిన సంగతి వైద్యంలో బాగా తెలిసినదే. ఆమెకు అప్పటికి ఏ బాధా లేదు. పరీక్షలు చేయాలా? మీసోథీలియోమాను ముందే పట్టి ఆపే స్క్రీనింగ్ ఏదీ లేదు. పలకలు కనపడినా వాటికి మందు లేదు. ఊరికే భయం పెట్టినట్టవుతుందేమో అని వెనకాడాను. కానీ ఆమెకు అప్పటికే విషయం తెలుసు, పక్కన కూర్చుని అన్నీ విన్నారు. తెలియనట్టు నేను నటిస్తే భయం పెరుగుతుందే గానీ తగ్గదు. ‘మీరు కావాలంటే ఒక ఎక్స్‌రే, ఊపిరి పరీక్ష చేద్దామమ్మా. శుభ్రంగా వస్తే ఇప్పటికి సంతోషం. ముందు ముందు రాదని మాత్రం చెప్పలేను’ అన్నాను. చేయించుకున్నారు. రెండూ బాగున్నాయి. ఏడాదికోసారి రమ్మన్నాను. ఆయాసం గానీ ఛాతీ నొప్పి గానీ వస్తే ఏ డాక్టర్ దగ్గరికి పోయినా మొదటి మాటగా బాయిలర్ బట్టల సంగతి చెప్పమని ఒక కాగితం మీద రాసిచ్చాను.

కాగితాల్లో ఓడిపోయిన చోటు

సర్వీసు వల్ల వచ్చిన జబ్బుగా గుర్తించి పెన్షన్ ఇవ్వమని దరఖాస్తు పెట్టుకుంటామన్నారు. నన్ను సర్టిఫికెట్ అడిగారు. ఓపీ రద్దీలో రెండు వాక్యాలు రాసిచ్చాను: ‘మీసోథీలియోమా. గతంలో ఆస్బెస్టాస్‌తో సంబంధం ఉండి ఉండవచ్చు.’

దరఖాస్తు తిరస్కరించారు. విడుదలయ్యేనాటి మెడికల్‌లో పూర్తి ఆరోగ్యంగా ఉన్నట్టుంది, జబ్బు ఎన్నో ఏళ్ల తర్వాత వచ్చింది, డాక్టర్ కూడా ఖాయంగా చెప్పలేదు అన్నది సారాంశం. నా ‘ఉండి ఉండవచ్చు’ ఆయనకు ఎదురు తిరిగింది. ఖాయంగా తెలిసినచోట కూడా జాగ్రత్త కోసం మెత్తగా రాయడం మా డాక్టర్లకు అలవాటు. ఆ మెత్తదనం మమ్మల్ని కాపాడుతుందేమో గానీ రోగిని ముంచుతుంది.

విడుదల మెడికల్‌లో రాసింది అబద్ధం కాదు. ఆ రోజు ఎక్స్‌రే తీసినా శుభ్రంగానే ఉండేది. ఈ జబ్బు తీరే అది. నిబంధనల్లో సర్వీసు తర్వాత ఆలస్యంగా బయటపడే జబ్బులకు చోటుంది గానీ, విడుదలైన కొన్నేళ్ల లోపు అని గడువు కూడా ఉంది. నలభై ఏళ్లకు బయటపడే జబ్బు ఆ గడువులో ఎలా ఇముడుతుంది?

ఇంత కాలం పడుతుందని మన న్యాయస్థానానికి తెలియనిది కాదు. 1995లో సుప్రీంకోర్టు ఆస్బెస్టాస్ పరిశ్రమల కేసులో, ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డును పని మొదలైనప్పటి నుంచి 40 ఏళ్లు, లేదా పని మానేశాక 15 ఏళ్లు, ఏది తర్వాత వస్తే అంతవరకు దాచాలని చెప్పింది. ఫ్యాక్టరీ కార్మికుడి ఊపిరితిత్తికి ఒప్పుకున్న లెక్క నావికుడి ఊపిరితిత్తికీ వర్తించాలని నేను గట్టిగా నమ్ముతాను. అమెరికాలో వియత్నాం యుద్ధంలో చల్లిన ఏజెంట్ ఆరెంజ్ అనే విష రసాయనానికి 1991లో, సైనిక స్థావరాల్లో గోతుల్లో చెత్త తగలబెట్టిన పొగకు 2022లో చట్టాలు చేశారు. ఫలానా చోట పని చేసి ఫలానా జబ్బు వస్తే అది సర్వీసు వల్లే అని ముందే అనుకుంటారు, సైనికుడు ఒక్కొక్కటీ నిరూపించుకోనక్కర్లేదు. అమెరికా నేవీ ఉద్యోగాల్లో దేనికి ఆస్బెస్టాస్ సోకే అవకాశం ఎంతో వాళ్ల దగ్గర ఒక పట్టిక ఉంది, బాయిలర్ పని చేసేవాళ్లు అందులో పై వరుసలో ఉంటారు.

అప్పీలుకు అన్నీ మళ్లీ కూర్చాం. ఏయే ఓడల్లో ఎప్పటి నుంచి ఎప్పటి దాకా చేశారో రికార్డు కోసం ముంబైలోని బ్యూరో ఆఫ్ సెయిలర్స్‌కు కొడుకు ఆర్‌టీఐ పెట్టాడు. చిత్తూరు సైనిక సంక్షేమ కార్యాలయంలో దరఖాస్తు రాయడంలో సాయం చేశారు. ఆయన ఓపిక ఉన్న రోజుల్లో మంచం మీద కూర్చుని బాయిలర్ రూము పనంతా పదకొండు పేజీలు రాసి సంతకం పెట్టారు. పాత తోటివాళ్లు ముగ్గురు అఫిడవిట్లు పంపారు. నేను ఈసారి మూడు పేజీలు రాశాను. కణజాల నిర్ధారణ, రెండు వైపులా పలకలు, నేవీ తప్ప వేరే ఆస్బెస్టాస్ సంబంధం లేకపోవడం, పొగాకు ఈ జబ్బుకు కారణం కాకపోవడం, మొదట సోకిన నాటి నుంచి గడిచిన కాలం, అన్నీ విడివిడిగా రాసి, చివర ‘ఈ జబ్బు నౌకాదళ సర్వీసులో ఆస్బెస్టాస్ సోకడం వల్లే వచ్చిందన్నది నా వైద్య అభిప్రాయం’ అన్నాను. ‘వచ్చు’ అన్న మాట ఎక్కడా వాడలేదు. ఈ మూడు పేజీలు రాయడానికి కావలసినదంతా మొదటిసారి కూడా నా దగ్గరే ఉంది.

ఇప్పుడు నా ఓపీలో

మా కేస్‌షీట్లో ‘వృత్తి’ అన్న ఒక్క గడి తీసేసి మూడు ప్రశ్నలు పెట్టాను. మొదటి ఉద్యోగం నుంచి ఇప్పటిదాకా ఏమేం చేశారు? ఆ పనిలో మీ చేతులతో ఏం పట్టుకున్నారు, ఏ దుమ్ము, ఏ పొగ, ఏ ద్రావకం? పని బట్టలు ఎవరు ఉతికారు? ఎక్స్‌-సర్వీస్‌మన్ అయితే ఆర్మీనా, నేవీనా, ఎయిర్‌ఫోర్సా, ట్రేడ్ ఏంటి అని కూడా. నర్సే అడిగి రాస్తుంది. నాలుగు నిమిషాలు పడుతోంది. టీబీ మందులకు ఎనిమిది వారాల్లో తగ్గని నీటిని ఇప్పుడు సీటీ లేకుండా మళ్లీ మందులకు వదలను. అరవై దాటినవాళ్లయితే మొదటిసారే సీటీ తీయిస్తున్నాను.

ఆ పన్నెండు మంది సంగతి. ఆయన చివరి నెలల్లో ఫోన్ పట్టుకుని కూర్చుని ఏడుగురి ఆచూకీ పట్టారు. ఇద్దరు అప్పటికే పోయారు. ఒకరికి ‘ఊపిరితిత్తుల్లో నీరు’ అని ఇంట్లోవాళ్లు చెప్పారు, ఏ నీరో తెలియదు. శ్రీకాకుళం జిల్లాలో ఉన్న ఒకాయన సీటీ తీయించుకుని నాకు వాట్సాప్‌లో పంపారు. రెండు వైపులా పలకలున్నాయి, నీరు లేదు, ఆయాసం లేదు. పలకలు క్యాన్సర్ కాదని, క్యాన్సర్‌గా మారవని, కానీ రాతినార లోపలికి పోయిందనడానికి అవి గుర్తని చెప్పాను. దగ్గర్లోని ఛాతీ డాక్టర్‌కి చూపించుకుంటూ ఉండమని, పనిచేసిన ఓడల జాబితా ఇప్పుడే రాసి పెట్టుకోమని అన్నాను.

అప్పీలు ఇంకా నడుస్తోంది. కాగితాలు ఎప్పుడు పంపారో, ఎవరు ఏం జవాబిచ్చారో, మళ్లీ ఎప్పుడు రమ్మన్నారో ఆయన భార్య తేదీలతో సహా రాసుకుంటున్నారు. నీళ్ల లెక్క రాసిన ఆ నోట్‌బుక్‌లోనే, చివరి లెక్క తర్వాతి పేజీ నుంచి.